గ్యాసే అనే భర్త, నీరసమే అనే భార్య

"గ్యాస్ పట్టింది, గంతే. పొద్దుగాల్లకు తగ్గుతది" అని పక్కకు తిరిగి పడుకునే భర్త ఒకరు. "ఎండలు కదా, నీరసంగా ఉంది" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయే భార్య ఒకరు. ఇద్దరిలో ఎవరు మీ ఇంట్లో ఉన్నా ఈ పోస్టు మీకోసమే. ఏం జబ్బో ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఏది ఈ రాత్రికే ఆసుపత్రికి వెళ్లాల్సిందో, ఏది నాలుగు రోజులు ఆగగలదో మాత్రం తేల్చుకోవచ్చు. ఆగగలిగినదైతే వారం రోజులు కాగితం మీద రాసి, ఒక్క చిన్న రక్తపరీక్షతో మొదలుపెట్టండి. "డాక్టరు దగ్గరికి పదండి" అని రోజూ పోరడం కన్నా ఈ దారిలో మనిషి కదిలే అవకాశం ఎక్కువ.

ముందు ఆగకూడనివి చెప్పేస్తాను.

బొడ్డుకు పైన, రొమ్ము ఎముక కింద బరువుగా నొక్కినట్టుండి, దానితో పాటు చెమటలు పడుతుంటే అది గుండె కావచ్చు. గుండె అడుగు గోడకు రక్తం అందనప్పుడు నొప్పి కొన్నిసార్లు ఛాతీలో కాకుండా పై పొట్టలో తెలుస్తుంది. వికారం, వాంతి, తేన్పులు కూడా వస్తాయి కాబట్టి అందరూ గ్యాసే అనుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కూడా. ఈనో తాగాక ఒక తేన్పు వచ్చి తేలికైందంటే గుండె బాగున్నట్టు కాదు. ఈసీజీ తీయాలి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా బాధ తగ్గకపోతే మళ్లీ తీసి, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. అందుకని పక్క వీధి క్లినిక్‌లో గ్యాస్ ఇంజెక్షన్ వేయించుకుని తిరిగి రాకూడదు, ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైన 108 ఉండగా, చెమటలు కక్కుతున్న మనిషిని బండి వెనక కూర్చోబెట్టుకుని ట్రాఫిక్‌లో దూరకండి.

రెండోది రక్తం. వాంతిలో ఎర్రగా కనిపించినా, ఫిల్టర్‌లో మిగిలిన కాఫీ పిప్పిలా నల్లటి రవ్వలు కనిపించినా రక్తమే అనుకుని వెంటనే బయల్దేరాలి. మలం నల్లగా రావడం ఇంకా మోసం చేస్తుంది, ఎందుకంటే నొప్పే ఉండకపోవచ్చు. జీర్ణాశయంలోనో, చిన్నపేగు మొదట్లోనో 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం కారితే చాలు, కిందికి వచ్చేసరికి తారులా మారిపోతుంది. దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. తారు డబ్బాలోంచి తీసినట్టు నల్లగా మెరుస్తుంది, జిగటగా ఉంటుంది, కమోడ్ పింగాణీకి అంటుకుని ఒక ఫ్లష్‌కు వదలదు, వాసన మామూలు మలం వాసనలా ఉండదు, గది దాటి వస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు కూడా నల్లబడుతుంది. కానీ అది ఆకుపచ్చ కలిసిన నలుపు, గట్టిగా ఉంటుంది, ఆ జిగట, ఆ వాసన ఉండవు. పసుపు బల్బు ఉన్న బాత్రూంలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఫోన్ టార్చ్ వేసి చూడాలి. చూసి చెప్పడానికి ఆయన ఇష్టపడకపోతే "ఫ్లష్ చేసేముందు ఒక ఫోటో తీసి నాకు పంపండి, నేనేమీ అనను" అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఆ ఫోటో డాక్టరుకు కూడా పనికొస్తుంది.

నల్లటి మలంతో పాటు లేచి నిలబడితే కళ్లు తిరగడం, నాడి నిమిషానికి 100 దాటడం, ఇంట్లో మిషన్‌లో పై బీపీ 100 కన్నా తక్కువ చూపించడం ఉంటే తెల్లారేదాకా ఆగే ప్రశ్నే లేదు. మిషన్ లేకపోయినా, అంకెలు బాగానే ఉన్నా నల్లటి జిగట మలం అంటే అదే రోజు ఆసుపత్రి.

ఆ రోజే వెళ్లాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పొట్ట చెక్కలా బిగుసుకుపోయి తాకనివ్వకపోవడం. గాలి కూడా పోకుండా పొట్ట ఉబ్బి ఆగకుండా వాంతులు కావడం. బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగి, దగ్గినా నొప్పెట్టడం. పై పొట్టలోంచి వీపులోకి దూసుకుపోయే నొప్పి, ముఖ్యంగా మందు తాగే అలవాటున్నవాళ్లకో, పిత్తాశయంలో రాళ్లున్నాయని ఇంతకుముందు స్కానింగ్‌లో తేలినవాళ్లకో రావడం. కళ్లు పచ్చబడి చలిజ్వరం రావడం. ఇలాంటప్పుడు మీ భార్యనో, భర్తనో ఒప్పించాలని కూర్చోకండి. ఒకరు ఫోన్ చేస్తే ఇంకొకరు బట్టలు సర్దాలి, మాటలు దారిలో మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు ఆగగలిగినవి. ఆగగలిగినవి అంటే వదిలేయదగినవి అని కాదు, ఒకటి రెండు వారాల్లో చూపించుకోవాల్సినవి. వీటిలో బరువు తగ్గడం అన్నిటికన్నా ముందు చెప్పాలి. ఏ డైటూ చేయకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలో ఒంటి బరువులో 5 శాతం పోయిందంటే, 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గాడంటే, కారణం వెతకాలి. "సన్నబడ్డావ్, బాగుంది" అని బంధువులు మెచ్చుకుంటారు కాబట్టి ఇది ఇంట్లో ఎవరికీ లక్షణంలా తోచదు. బెల్టుకు కొత్త చిల్లు పడిందా, ఉంగరం వేలికి వదులైందా, జాకెట్టు లోపలికి కుట్టు వేయించారా, ఇవి చూడండి. 50 దాటాక కొత్తగా షుగర్ బయటపడి, అదే సమయంలో బరువు కూడా తగ్గుతుంటే పాంక్రియాస్‌ను కూడా చూడమని డాక్టరును నోరు తెరిచి అడగండి.

ముద్ద గొంతు దిగాక ఎక్కడో ఆగినట్టనిపించి నీళ్లతో దించుకోవడం ఇంకొకటి. మొదట జొన్నరొట్టె, మాంసం ముక్క, తర్వాత అన్నం, చివరికి చారు కూడా దిగకపోవడం అనే వరసలో ముదురుతుంది. చాలామంది దీన్ని చెప్పరు, తిండే మార్చుకుంటారు. రొట్టె మానేసి పెరుగన్నంలోకి దిగిన భర్తను చూస్తే "ఈమధ్య రొట్టె ఎందుకు తినట్లేదు?" అని ఒక్క మాట అడగండి. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, నిద్రలోంచి లేపే నొప్పి, నిద్రలోంచి లేపే విరేచనం, మూడు నాలుగు వారాలుగా మోషన్ తీరు మారిపోవడం, సాయంత్రం జ్వరంతో కుడివైపు కింద కడుపునొప్పి, ఇవన్నీ ఈ కోవలోవే. ఆ చివరిది వింటే మన దేశంలో డాక్టర్లు పేగు టీబీని కూడా తలుచుకుంటారు. మందులతో నయమయ్యే జబ్బది, ఆలస్యమైతే పేగు ఇరుకై మూసుకుపోతుంది.

కామెర్లకు ఆకు పసరు పోయించడం, మణికట్టు మీద వాత పెట్టించడం ఇప్పటికీ ఆగలేదు. కళ్లు పచ్చగా, మూత్రం ముదురుగా, మలం సున్నం రంగులో ఉండి ఒళ్లంతా దురద పెడుతుంటే పిత్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అడ్డు ఎక్కడుందో స్కానింగే చూపించాలి. పసరు ఆ అడ్డును తీయలేదు, కాలేయాన్ని ఇంకా దెబ్బతీసే ప్రమాదం మాత్రం ఉంది.

ఇక మొలలు. ఎర్రటి రక్తం చుక్కలుగా పడితే ఎవరూ డాక్టరును అడగరు, గోడల మీద పోస్టర్లలోని నంబర్లకు ఫోన్ చేస్తారు. మలం వచ్చాక నొప్పి లేకుండా తాజా రక్తం చిమ్మితే మొలలు కావచ్చు. బ్లేడుతో కోసినట్టు నొప్పితో వస్తే చీలిక కావచ్చు. కానీ రక్తం మలంలో కలిసిపోయి వచ్చినా, జిగురు పడినా, వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించినా, వెళితే ఏమీ రాకపోయినా పురీషనాళం లోపల చూడకుండా మొలలని ముద్ర వేయకూడదు. మొలలు నిజంగానే ఉండి, వాటికి పైన గడ్డ కూడా ఉన్న మనుషులు ఉంటారు. డాక్టరు గ్లౌజు వేసుకుని వేలితో చేసే పరీక్ష ఒక నిమిషం కూడా పట్టదు. దానికి సిగ్గుపడి ఏళ్లకు ఏళ్లు గడిపేస్తారు. భార్య విషయంలో అయితే మహిళా సర్జన్ ఎవరున్నారో ముందే కనుక్కుని "చూసేది మేడమే" అని చెప్పండి. సగం అభ్యంతరం అక్కడే పోతుంది.

ఆడవాళ్ల గురించి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. 50 దాటిన స్త్రీకి కొత్తగా పొట్ట ఉబ్బరం మొదలై, కొంచెం తినగానే నిండిపోయి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంటే అది అరుగుదల సమస్యే కానక్కర్లేదు. అండాశయం కూడా చూడాలి. పొట్ట, కటి స్కానింగ్, సీఏ-125 రక్తపరీక్షతో మొదలుపెడతారు. ఈ వయసులో కొత్తగా వచ్చిన ఉబ్బరానికి నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగించడం పెద్ద తప్పు.

వారం రోజుల కాగితం ఇలా రాయండి. తేదీ, తిన్న టైం, బాధ మొదలైన టైం, ఎక్కడ అన్నది ఒక వేలితో చూపిస్తే ఆ చోటు, ఎన్ని మోషన్లు, రంగు, వేసుకున్న మాత్ర. బరువు ఆదివారం పొద్దున టిఫిన్‌కు ముందు, అదే మిషన్ మీద. పేజీలు నింపక్కర్లేదు, రోజుకు ఒక వరస చాలు. మాత్రల లెక్కకు ఒక చిన్న ఉపాయం ఉంది. డ్రాయర్‌లో ఉన్న పాన్-40 గ్యాస్ మాత్రల స్ట్రిప్ తీసి, ఒక్కో మాత్ర తీసినప్పుడల్లా ఆ గుంట పక్కన రేకు మీద బాల్‌పెన్‌తో తేదీ వేయమనండి. "ఎప్పుడో ఒకటి వేసుకుంటా" అనే మనిషి, పదిహేను మాత్రల స్ట్రిప్ మీద వరసగా పదిహేను తేదీలు తన చేతిరాతలోనే చూసుకుంటాడు. మీరు వెయ్యిసార్లు చెప్పిన మాటను ఆ రేకు ఒక్కసారి చెబుతుంది.

ఆ మాత్రల గురించీ తెలియాలి. పాంటోప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి, తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకుంటే ప్రభావం తగ్గుతుంది. అసలు ప్రమాదం ఏమిటంటే అవి లోపలి పుండును పైపైన మాన్పి, బాధను తగ్గించి, వెతకాల్సిన జబ్బును కప్పిపెడతాయి. క్యాన్సర్ పుండు కూడా ఈ మందులతో కొన్నాళ్లు మానినట్టు కనిపించవచ్చు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కోసం చేసే శ్వాస పరీక్ష, మల పరీక్ష, ఎండోస్కోపీలో (గొట్టం వేసి లోపల చూసే పరీక్షలో) తీసే ముక్క పరీక్ష కూడా ఈ మాత్రలు వేసుకుంటుంటే తప్పుగా "లేదు" అని రావచ్చు. అందుకే పరీక్షకు రెండు వారాల ముందు ఈ మాత్రలు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపమంటారు. డాక్టరుతో మాట్లాడే ఆపండి, రక్తస్రావం అయిన పుండు ఉన్నవాళ్లు సొంతంగా ఆపకూడదు.

మిరపకాయలు, ఆవకాయ మానేస్తే పుండు మానుతుందని ఇంకా నమ్ముతున్నారు. కారం మంటను పెంచుతుంది, నిజమే. పుండు పెట్టేవి మాత్రం ఎక్కువగా రెండే: పైలోరీ బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు. ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి, కడుపులో వాపు తెప్పించుకుని మరీ చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. నలభై ఏళ్ల కింద తేలిన సంగతిది. కాబట్టి పప్పు, మజ్జిగ మీదికి మారి ఆర్నెల్లు చూద్దాం అనే ఒప్పందానికి ఒప్పుకోకండి.

నొప్పి మాత్రల లెక్క అడిగితే "నేనేం వేసుకోను" అంటారు. మోకాళ్లకు ఎసిక్లోఫెనాక్, తలనొప్పికి ఐబుప్రొఫెన్, నడుముకు ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, గుండెకు రోజూ ఎకోస్ప్రిన్ 75, ఇవేవీ వాళ్ల లెక్కలో నొప్పి మాత్రలు కావు. కీళ్లనొప్పులకని అమ్మే పేరులేని పొడులు కూడా లెక్కలో చేర్చండి, వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి ఒక ఫోటో తీయండి, అదే మందుల చీటీ. స్టెంట్ వేసినవాళ్లు మాత్రం ఎకోస్ప్రిన్‌ను భయపడి సొంతంగా ఆపొద్దు, స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

కాగితం తయారయ్యాక మాట మొదలుపెట్టాలి. అన్నం దగ్గర వద్దు, పిల్లల ముందు వద్దు, అత్తగారి ముందు అసలే వద్దు. రాత్రి గిన్నెలు సర్దాక, ఇద్దరే ఉన్నప్పుడు. "మీకేదో పెద్ద జబ్బుంది" అనే మాటతో మొదలుపెడితే తలుపు మూసుకుపోతుంది, ఎందుకంటే ఆయన లోపల భయపడుతున్నదే అది. ఒకటే ప్రశ్న అడిగి ఆగండి: "ఏమండీ, మీకు వెళ్లబుద్ధి కాకపోవడం దేనికి? గొట్టం వేస్తారనా, ఏం చెబుతారోననా, ఖర్చనా?" జవాబు వచ్చేదాకా మీరే నింపకండి.

జవాబును బట్టి దారి మారుతుంది. గొట్టమంటే భయమైతే దాని గురించి కింద వివరంగా రాశాను, చదివి వినిపించండి. సెలవు దొరకదంటే ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబులు ఊరంతా ఉన్నాయి. ఏం చెబుతారోనని భయమైతే అబద్ధపు ధైర్యం చెప్పొద్దు. "ఏమీ ఉండదులే" అంటే "మరి వెళ్లడమెందుకు?" అంటారు, అది సరైన ప్రశ్నే. "ఏముందో తెలియక రోజూ ఇద్దరం భయపడుతున్నాం, తెలిస్తే దాని సంగతి చూద్దాం" అనొచ్చు. ఆ తర్వాత ఒక తేదీ అడగండి. "వచ్చే శనివారం దాకా చూస్తా" అని ఆయనంటే, శనివారం సరే, తగ్గకపోతే ఆదివారం పొద్దున రక్తపరీక్ష అని అక్కడే ఖాయం చేసుకోండి. ఈ మధ్యలో రోజూ గుర్తుచేయకండి. మాట వినే మనిషి ఎవరైనా ఉంటే, చిన్నప్పటి స్నేహితుడో, బావగారో, ఒక్కరికే చెప్పండి. పదిమంది బంధువులతో ఫోన్లు చేయించడం, పిల్లలతో ఏడిపించడం, మజ్జిగలో మందు కలిపి పెట్టడం లాంటివి చేస్తే ఇక ఏ లక్షణమూ మీకు చెప్పరు.

ఆ మొదటి రక్తపరీక్ష సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష. ఉపవాసం అక్కర్లేదు, కొన్ని వందల ఖర్చు, సాయంత్రానికి రిపోర్టు. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 కన్నా తక్కువుంటే రక్తహీనత. దాని పక్కనే ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు సైజు) అనే అంకె 80 కన్నా తక్కువుంటే ఐరన్ తక్కువై ఉండొచ్చు, ఫెరిటిన్ పరీక్షతో తేలుతుంది. ఇక్కడే ఎక్కువగా పొరపాటు జరుగుతుంది. రిపోర్టు చూసి ఐరన్ టానిక్ కొని, బీట్‌రూట్ తిని, అంకె కాస్త పెరిగిందని వదిలేస్తారు. నెలసరి లేని మనిషికి, అంటే మగవాళ్లకు, ముట్లుడిగిన ఆడవాళ్లకు ఐరన్ తక్కువైందంటే ఎక్కడో కారిపోతోందని అనుమానించాలి. ఇలాంటివాళ్లకు పైనుంచి, కిందినుంచి రెండు ఎండోస్కోపీలూ చేయడం సరైన పద్ధతి. కంటికి రక్తం కనిపించకపోయినా సరే. సీబీపీతో పాటు లివర్, క్రియాటినిన్, షుగర్, థైరాయిడ్ కూడా అదే రక్తంలో చేయించేస్తే రెండోసారి సూది అక్కర్లేదు. సీబీపీ బాగుందంటే అంతా బాగున్నట్టు కాదు. కానీ ఒకసారి చేయి చాపిన మనిషి రెండో మెట్టు ఎక్కడానికి అంత గింజుకోడు.

రెండో పొరపాటు స్కానింగ్. "అల్ట్రాసౌండ్ చేయించాం, గ్రేడ్-1 ఫ్యాటీ లివర్ తప్ప ఏమీ లేదు" అని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. పొట్ట మీద చేసే అల్ట్రాసౌండ్ పిత్తాశయంలో రాళ్లు, కాలేయం, కిడ్నీ బాగా చూపిస్తుంది. జీర్ణాశయం లోపలి పుండు, పెద్దపేగులో పాలిప్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపె) దానికి కనిపించవు, గాలి అడ్డొస్తుంది. రక్తం పడుతున్న మనిషికి స్కానింగ్ నార్మల్ అనేది జవాబే కాదు. మలంలో రక్తం పరీక్ష "నెగెటివ్" అన్నా అంతే, కంటితో చూసిన రక్తాన్ని ఆ రిపోర్టు కొట్టేయలేదు.

ఎక్కడికి వెళ్లాలంటే, హైదరాబాద్‌లో ఉండి జీర్ణకోశ వైద్యం దొరకలేదని అనలేం. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి విదేశాల నుంచి డాక్టర్లు ఎండోస్కోపీ నేర్చుకోవడానికి వస్తారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు అఫ్జల్‌గంజ్ ఉస్మానియా, ముషీరాబాద్ గాంధీ, పంజాగుట్ట నిమ్స్‌లో ఈ విభాగాలున్నాయి. అంతదూరం మొదటే వద్దనుకుంటే బస్తీ దవాఖానాకు వెళ్లండి. 2018 నుంచి నడుస్తున్న వీటిలో ఎంబీబీఎస్ డాక్టరు ఉచితంగా చూస్తారు, రక్త నమూనాలు తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపుతారు. మొండికేసిన మనిషికి ఇల్లు దాటి రెండు వీధులు నడవడం, గచ్చిబౌలిలోని ఆ పెద్ద ఆసుపత్రి దాకా వెళ్లడం ఒకటి కావు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షల రూపాయలైంది. చేరకముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మీ పరీక్ష, చికిత్స అందులోకి వస్తాయో లేదో అడగండి.

డాక్టరు గదిలో జరిగేది తెలుసు కదా. ఇంట్లో రాత్రంతా మూలిగిన మనిషి కుర్చీలో కూర్చోగానే "ఏం లేదు సార్, కొంచెం గ్యాస్" అంటాడు. ఓపీలో మీకు దొరికేది అయిదు నిమిషాలు. ఆ వారం కాగితాన్ని మాట మొదలవకముందే బల్ల మీద పెట్టండి. పైన నాలుగు వాక్యాలు: ఎప్పటినుంచి, బరువు ఎంత నుంచి ఎంతకు, రక్తం ఉందా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా పేగు, జీర్ణాశయ క్యాన్సర్ ఉందా. మందు, గుట్కా సంగతి నిజం రాయండి. రాసేముందు ఆయనకు చూపించి రాయండి, అక్కడ అందరి ముందు బయటపెడితే ఇంకోసారి రారు.

ఎండోస్కోపీ గొట్టం చిటికెన వేలంత లావుంటుంది. గొంతులో మొద్దుబార్చే స్ప్రే కొడతారు, ఎడమవైపు తిప్పి పడుకోబెడతారు, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. ఊపిరి దారి వేరు కాబట్టి ముక్కుతో గాలి ఆడుతూనే ఉంటుంది. వాంతి వచ్చినట్టనిపించడం మొదటి అరనిమిషమే ఎక్కువ. మొత్తం అయిదు నుంచి పది నిమిషాలు. భయం ఎక్కువుంటే నిద్రమత్తు ఇచ్చి చేయమని ముందే అడగొచ్చు. అప్పుడు తోడు మనిషి తప్పనిసరి, ఆ రోజు బండి నడపకూడదు. ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. కట్టుడు పళ్లుంటే తీసేయాలి. గొంతు మొద్దు పోయేదాకా, అరగంట నుంచి గంట, నీళ్లు కూడా తాగొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కొలనోస్కోపీలో, అంటే కిందినుంచి పెద్దపేగును చూసే పరీక్షలో, కష్టం గొట్టంతో కాదు, ముందురోజు పేగు కడిగే మందుతో. ఐరన్ మాత్రలు వారం ముందు ఆపాలి, లేకపోతే నల్లటి పూత పేగు గోడకు అంటుకుని ఏమీ కనిపించదు. రెండు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామ, టమాటా గింజలు, నువ్వులు, పొట్టు పప్పులు మానేసి తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ మీద ఉండాలి. ముందురోజు తేలికైన టిఫిన్ తర్వాత తేట ద్రవాలే: వడగట్టిన చారు తేట, పాలు లేని టీ, కొబ్బరినీళ్లు. కిడ్నీ జబ్బున్నవాళ్లు కొబ్బరినీళ్లకు ముందు డాక్టరును అడగాలి. ఎర్రటి జ్యూసులు వద్దు, రక్తంలా కనిపిస్తాయి. పేగు కడిగే ఆ మందు, పెగ్ పొడి, ఎన్ని నీళ్లలో కలపాలో ప్యాకెట్ మీద ఉంటుంది, ఎక్కువగా 2 లీటర్లు. సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు. పది పదిహేను నిమిషాలకొక గ్లాసు. ఫ్రిజ్‌లో చల్లబెట్టి స్ట్రాతో తాగితే ఆ ఉప్పు జిగట రుచి నాలుకకు తక్కువ తగులుతుంది. మూడో గ్లాసు దగ్గర వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టాలి, ఒలకబోయకూడదు. చివరికి వచ్చేది మూత్రంలా తేటగా, పసుపుగా ఉంటేనే పేగు కడిగినట్టు. మట్టి రంగులో ఉంటే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి, లేదంటే పరీక్ష సగంలో ఆపేసి మళ్లీ రమ్మంటారు. ఈ మనిషి మళ్లీ రాడు.

షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి, రక్తం పలచబరిచే మందులు ఏవి ఎప్పుడు ఆపాలో పరీక్ష తేదీ తీసుకునేటప్పుడే రాయించుకోండి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు చాలాచోట్ల మూడు రోజుల ముందే ఆపమంటారు, ఖాళీ కడుపుతో రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. ముందురోజు రాత్రి గుర్తొస్తే ఆలస్యమైపోయినట్టే.

పరీక్ష అయ్యాక "అంతా బాగానే ఉంది, చిన్న ముక్క తీశాం" అంటారు. ఆ మాట విన్న సంతోషంలో ముక్క రిపోర్టు తెచ్చుకోవడం మర్చిపోయేవాళ్లు చాలామంది. అది రావడానికి కొన్ని రోజులు పడుతుంది. కౌంటర్ దగ్గరే తేదీ అడిగి ఇద్దరి ఫోన్లలో అలారం పెట్టండి, రసీదును ఫోటో తీసుకోండి. పైలోరీ ఉందని వస్తే చాలావరకు 14 రోజుల మందు, రోజుకు రెండుపూటలా గుప్పెడు మాత్రలు. నోరు చేదవుతుంది, మోషన్లు పలచబడతాయి, అయిదో రోజుకు బాధ తగ్గి మానేయాలనిపిస్తుంది. మధ్యలో మానేస్తే బ్యాక్టీరియా మిగిలిపోయి, రెండోసారి ఆ మందులకు లొంగకపోవచ్చు. కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి, గ్యాస్ మాత్రలు రెండు వారాలు మాని, పోయిందో లేదో శ్వాస పరీక్షతోనో, మల పరీక్షతోనో చూడాలి. ఆ తేదీని కూడా మందులు కొన్న రోజే క్యాలెండర్ మీద రాసేయండి.